కాటు పడ్డవాడే దోషి

గంధమాల నగరంలో నాగశాలను మించిన భవనం మరొకటి లేదు. పాలరాతి మెట్లు, పగడాలు పొదిగిన గడపలు, నెమలికంఠం రంగు పట్టుతెరలు, గుమ్మం గుమ్మానికీ వేలాడే వెండి గంటలు, పైకప్పు పొడవునా ఎండలో ధగధగలాడే బంగారు పడగలు! పూటపూటకూ శంఖాలు పూరించేవారు, నగారాలు మోగించేవారు. సాంబ్రాణి పొగ ఎంత దట్టంగా పట్టించేవారంటే, లోపలికి వెళ్ళిన భక్తుడికి బయటికి దారి దొరకడమే గగనమయ్యేది. ఇన్ని హంగుల నడుమ, నవరత్నాలు తాపిన బుట్టలో, తల పొట్టకింద దాచుకుని, బిక్కచచ్చి పడి ఉండేది ఒక కొండచిలువ పిల్ల.

దాని పేరు శ్రీమన్నాగరాజ ధర్మప్రభువు. ఆ రాజ్యంలో న్యాయం చెప్పేది అదే.

నవ్వకండి. గంధమాలవారి ఎదుట ఈ మాటకు నవ్విన వాళ్ళను అగడ్తలో మొసళ్ళకు వేసేవారు. అక్కడ ఎవరిమీదనైనా ఘోరమైన నేరం మోపితే సాక్షులను పిలవరు, సంగతి విచారించరు. ముద్దాయిని సభ మధ్యలో నిలబెడతారు. నాగశాల కాపరి వెనక నిలబడి పామును రెండు చేతులా పట్టుకుని, దాని తలను ముద్దాయి భుజం మీద ఆనిస్తాడు. ధర్మప్రభువు తీర్పు చెబుతుండగా పామరుల కళ్ళు పడకూడదని, పైన ఎర్రటి జలతారు ముసుగు కప్పుతారు. అడుగున చిల్లి ఉన్న రాగి గిన్నెను తొట్టినీళ్ళ మీద వదులుతారు. అది మునిగేలోగా పాము కరిస్తే ముద్దాయి దోషి, కరవకపోతే నిర్దోషి. సభలో, ముసుగు కింద పడిన కాటుకే ఆ విలువ. నాగశాలలో కాపరికి రోజూ పడేవి ఉత్త కాట్లు, వాటిని ఎవరూ పట్టించుకోరు.

'కాటు పడ్డవాడే దోషి' - ఇంతే శాసనం. ఈ మూడు ముక్కలకు వ్యాఖ్యానాలు రాసుకుని పొట్ట పోసుకునే పండితులు ఆ నగరంలో వీధికి పదిమంది. ఆ పండితులు పామును కళ్ళారా చూసేది మాత్రం పండుగ రోజుల్లోనే. అప్పుడైనా దగ్గరికి పోరు. బారెడు పొడుగు బంగారు కర్రతో దూరం నుంచి దాని నెత్తిన టకటకా తట్టి, ఆ కర్రను కళ్ళకద్దుకుని, బతుకుజీవుడా అని బయటపడేవారు. దెబ్బ తిన్న పాము మాత్రం ఆ పూటంతా బుట్టలో వణుకుతూ ఉండేది.

ఆ రాజ్యాన్నేలే మాల్యవంతుడు ఉన్నట్టుండి ఒకనాటి ఉదయం పాన్పు మీద శవమై కనిపించాడు. ఆ మధ్యాహ్నానికే మాంత్రికుడు కంకాళభట్టు, రాజుగారి పాలలో విషం కలిపింది రాణి హేమవల్లేనని ప్రకటించేశాడు. ఈ భట్టు ఎముకల దండలు వేసుకుని, మోకాళ్ళ దాకా గడ్డం వేలాడేసుకుని తిరిగేవాడు. ఆ గడ్డంలో సగం సొంతం, సగం అతుకు. రాణిని చెరసాలలో పెట్టారు. రాబోయే పున్నమినాడు ఆమెకు నాగపరీక్ష. కాటు పడిందా, ఆమె మొసళ్ళ పాలు, సింహాసనం భట్టు పాలు.

ఆమె తమ్ముడు శరభసేనుడు తామ్రగిరి యువరాజు. కబురు వినగానే కత్తి దూసి సైన్యంతో బయలుదేరబోయాడు. అయితే, కోట ముందు సైన్యం కనబడిన మరుక్షణం లోపల అక్క తల తెగుతుందని అతడికి కూడా తట్టింది. యువరాజులకు అప్పుడప్పుడూ ఇలా తడుతుంది. వెంటనే జడలు కట్టించుకుని, చెవులకు ఇత్తడి పోగులు తగిలించి, వదులు చేతుల కాషాయ అంగీ తొడిగి, భుజాన జోలె, చేతిలో నాగస్వరంతో, పోలిగాడనే పాములవాడై గంధమాల చేరాడు. అదృష్టం కొద్దీ పాత కాపరి చెయ్యి వాచి, పని మానేసి పోయాడు.

"ఏడు తరాలుగా మాది పాముల వంశం స్వామీ! తాచులు నా పేరు చెబితే తలలు వంచుతాయి" అన్నాడు శరభసేనుడు భట్టు ముందు.

భట్టు అతణ్ణి ఎగాదిగా చూసి, అక్కడికక్కడే కొలువిచ్చాడు. ఏమీ తెలియకుండా గొప్పలు చెప్పుకునే కాపరే అతడికి కావలసింది. నిజానికి మన యువరాజు పుట్టి బుద్ధెరిగాక పామును ముట్టుకున్న పాపాన పోలేదు.

నాగశాలలో అడుగు పెట్టేసరికి తుంగి అనే నడివయసు మనిషి నేల ఊడుస్తోంది. ఆమె నోటికి జడిసి కావలి భటులు కూడా ఆ వైపు రారు. శరభసేనుడు ఆమెను లక్ష్యపెట్టకుండా దర్జాగా బుట్ట దగ్గరికి నడిచాడు. మూత తీశాడు. ఖడ్గం పిడిని పట్టుకున్నట్టు పైనుంచి చెయ్యి దింపి పాము మెడ గుప్పిట పట్టబోయాడు. కళ్ళు మూసి తెరిచేలోగా పాము చుట్ట విప్పుకుని లేచింది. చటుక్కున కరిచింది, వదిలేసింది, మళ్ళీ చుట్టలో దూరింది. తామ్రగిరి యువరాజు, ముప్పై యుద్ధాల వీరుడు, పెట్టిన కేకకు వెండి గంటలు వాటంతటవే మోగాయి.

"ఓరి నీ ఏడు తరాలూ ఏట్లో కలవ! పామునెట్టా పట్టుకోవాలో కూడా తెలవదంట్రా నీకు?" అంది తుంగి, చీపురు మీద ఆనుకుని విరగబడి నవ్వుతూ.

శరభసేనుడి చేతి మీద వరసగా చిన్న చిన్న నెత్తుటి బొట్లు లేచాయి. అవి చూసి అతడు నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. "విషం ఎక్కుతోంది. కళ్ళు మసకబారుతున్నాయి. అమ్మా, నా కడపటి కోరిక విను. నా పంచకల్యాణి గుర్రాన్ని సేనాపతికి ఇమ్మని చెప్పు. నా ఖడ్గం నాన్నగారి పాదాల దగ్గర..."

"ఆగాగు. పాములోడికి పంచకల్యాణేందిరా?"

యువరాజు నోరు మూతపడింది. చచ్చిపోవడం కూడా ఆగిపోయింది.

"కొండచిలవకు విషమెక్కడేడ్చింది? లేచి కూకో!" అని తుంగి అతడి రెక్క పట్టుకు లేపింది. కుండలో నీళ్ళు తెచ్చి చేతిమీద ధారగా పోసింది. కుంకుడు రసంతో రుద్ది కడిగింది, పసుపు అద్ది గుడ్డ చుట్టింది. "ఇప్పుడు చెప్పు. ఎవరు నువ్వు? అబద్ధమాడావో, బయటున్న భటుణ్ణి కేకేస్తా."

గత్యంతరం లేక శరభసేనుడు నిజం చెప్పాడు. "అమ్మ పోయాక నన్ను ఎత్తుకు పెంచింది మా అక్క. పున్నమినాడు ఈ పాము ఆమెను కరవకూడదు. అంతకంటే నాకేమీ అక్కరలేదు."

తుంగి నవ్వు ఆగిపోయింది. "ఈ నాగశాల ఊడ్చేదాన్ని పేరెట్టి పిలిచిన మారాణి ఆ తల్లొక్కతే. సరే దొరా, విను. ఇది కోపంతో కరవలేదు. భయంతో కరిచింది. గద్ద వచ్చేది పైనుంచే కదా? నీ చెయ్యీ పైనుంచే వచ్చింది. దానికేం తెలుసు, నువ్వు యువరాజువని?"

ఆనాటి నుంచి శరభసేనుడి శిక్షణ మొదలైంది. గురువు పామే. తప్పు చేస్తే బెత్తం బదులు పళ్ళు వాడేది.

ముందు ఆ మోత ఆపాలి. అతడు సభకు వెళ్ళి, ధర్మప్రభువు కలలో కనబడి పున్నమి దాకా మౌనవ్రతం పట్టానని సెలవిచ్చాడన్నాడు. పండితులు ఒళ్ళు పులకరించి, మర్నాటికల్లా మౌనవ్రత మాహాత్మ్యం మీద కొత్త వ్యాఖ్యానం రాసిపారేశారు. నగారాలు ఆగాయి. గంటల నాలుకలకు దూది చుట్టారు. సాంబ్రాణి ఆరింది. బంగారు కర్ర బొక్కసానికి పోయింది. పుట్టిన తరవాత మొదటిసారిగా ఆ పాము పొట్టకింది నుంచి తల బయటపెట్టి, నాలుక ఆడిస్తూ చుట్టూ చూసింది.

తరవాత శరభసేనుడు తన చెమట పట్టిన ఉత్తరీయం బుట్టలో వేశాడు. ఇది తుంగి చెప్పలేదు, అతడికే తోచింది. వేటకుక్కలకు తన వాసన అలవాటు చేసేది ఇలాగే. పాము ఆ ఉత్తరీయం కింద దూరి నిద్రపోయింది. చెయ్యి పైనుంచి కాక పక్కనుంచి, నెమ్మదిగా పోనిచ్చి, పొట్టకింద ఆసరా పెట్టి ఎత్తడం నేర్చుకున్నాడు. నేర్చుకునేలోగా చెయ్యి జల్లెడయింది. మొదట్లో ప్రతి కాటుకూ ఎగిరి గంతేసేవాడు. అతడు గంతేస్తే పాము మరింత బెదిరేది, బెదిరితే మళ్ళీ కరిచేది. చివరికి విసిగిపోయి ఒకనాడు కదలకుండా కూర్చున్నాడు. పాము కరిచింది, వదిలింది, కాసేపు అతడి మొహంలోకి చూసింది, ఏం చేయాలో తోచక మోచేతి మీదుగా భుజం ఎక్కి కూర్చుంది.

"పాట పాడు దొరా, జోలపాటకు లొంగుతుంది" అనేది తుంగి. అతడు పాడాడు. పాడినా ఒకటే, మానినా ఒకటే. పాముకు అది వినబడ్డ జాడే లేదు. తుంగి మాత్రం తన జోలపాట మానలేదు, పాముకు తన గొంతంటే ప్రాణమని చివరిదాకా నమ్మింది.

అంతా కుదిరిందనుకునేసరికి ఒక ముప్పు వచ్చిపడింది. పాముకు మేత వేళ అది. శరభసేనుడు కౌజుపిట్టల పంజరం శుభ్రం చేసి, చేతులు కడుక్కోకుండా బుట్టలో చెయ్యి పెట్టాడు. పాము మెరుపులా వచ్చి బొటనవేలి మొదట్లో పట్టింది. ఈసారి వదల్లేదు! పట్టిన పట్టు బిగిస్తూ ముంజేతి చుట్టూ మెలికలు వేసింది. వేళ్ళు నీలంగా మారాయి. యువరాజు పంటి బిగువున చెయ్యి వెనక్కి గుంజబోయాడు.

"లాగమాక!" అంటూ తుంగి వచ్చి అతడి మోచెయ్యి కరుచుకుని వేలాడింది. "దాని పళ్ళు లోపలికి వంగి ఉంటాయయ్యా, గాలాల్లాగ! లాగితే నీ కండ దాని నోట్లో ఉంటది, దాని పళ్ళు నీ కండలో ఉంటాయి. ఇద్దరూ చెడతారు. కదలకుండా ఉండు!"

ఆమె చల్లటి నీళ్ళు తెచ్చి పాము మూతి మీద సన్నగా పోసింది. కొంతసేపటికి పాము నోరు సడలించి, మెలికలు విప్పుకుని, తప్పు తెలిసినట్టు పక్కకు తప్పుకుంది.

"ఇది మునుపటి కాటు కాదు" అన్నాడు శరభసేనుడు రొప్పుతూ.

"కాదు. అది భయం కాటు, ఇది ఆకలి కాటు. నీ చేతికి కౌజుపిట్ట వాసన కొట్టింది. అది నిన్ను పిట్టనుకుంది."

పున్నమి వచ్చింది.

సభామంటపం చూసి తీరాలి! వెయ్యి స్తంభాలకూ పసుపు పట్టు, వితానం నిండా ముత్యాల సరాలు, నేల మీద కుంకుమపువ్వు చల్లిన తివాచీలు, ఇరువైపులా చామరాలు వీచే వనితలు. పండితులు శాలువలు కప్పుకుని, ఒక మనిషి చావును కళ్ళారా చూసే భాగ్యం కోసం తెల్లవారుజామునుంచే చోటు పట్టుకు కూర్చున్నారు. ధర్మాధికారి వ్యాఘ్రపాదశాస్త్రి వ్యాఘ్రంలా లేడు, పాదాలు కూడా నేలకు అందడం లేదు, ఆసనం అంత ఎత్తు.

హేమవల్లిని తీసుకొచ్చారు. తెల్లచీర, మెడ బోసి, చెరసాల చీకటికి పాలిపోయిన మొహం. అయినా ఆమె తల వంచలేదు. శరభసేనుడు పామును చేతుల్లో పెట్టుకుని ఆమె వెనక నిలబడ్డాడు. జడలూ పోగులూ చూసి ఆమె పోల్చుకోలేదు. భట్టు మనిషే అనుకుని మొహం తిప్పుకుంది. అతడి గుండె కలుక్కుమంది. పాము మాత్రం ఎప్పుడూ లేనంత ప్రశాంతంగా అతడి మోచేతిలో తలవాల్చి ఉంది. పని అయిపోయినట్టేనని యువరాజు లోలోపల మురిసిపోయాడు.

"ముందు ధర్మగంధం పూయాలి" అన్నాడు కంకాళభట్టు. బంగారు గిన్నెలోంచి చిక్కటి గంధం స్వహస్తాలతో తీసి రాణి కుడిభుజానికి దట్టంగా పట్టించాడు.

పాము తల చటుక్కున లేచింది. నాలుక వడివడిగా ఆడింది. ఒళ్ళంతా బిగిసి విల్లులా వంగింది. శరభసేనుడు ఆశ్చర్యంగా ముందుకు వంగేసరికి, చందనం పరిమళం చాటునుంచి సన్నగా మరో వాసన ముక్కుకు తగిలింది. కౌజుపిట్ట నెత్తురు!

అతడికి ఒక్కసారిగా అంతా అర్థమయింది. ఇన్నాళ్ళుగా ధర్మప్రభువు చెప్పిన తీర్పులన్నీ భట్టుగారి గంధపు గిన్నెలో కలిపినవే. ఎవరు చావాలంటే వాళ్ళకు నెత్తురు గంధం, ఎవరు బతకాలంటే వాళ్ళకు ఉత్త గంధం. ఇంతమంది పండితులూ ఆ గిన్నెను ఒక్కసారైనా వాసన చూడలేదు!

ఇప్పుడు అరిచి లాభం లేదు. పాములవాడి మాట ఎవరు వింటారు? వేషం బయటపడితే అక్కా తానూ కలిసే చస్తారు. పామును వెనక్కి లాగితే పరీక్షను అడ్డుకున్న నేరం. రాగి గిన్నె అప్పుడే నీళ్ళ మీద పెట్టేశారు. ఇద్దరు భటులు జలతారు ముసుగు ఎత్తి పట్టుకుని వస్తున్నారు.

ముసుగు పడింది. ఆ చాటున శరభసేనుడు పామును కుడిచేతికి మార్చుకున్నాడు. ఎడమ ముంజేతిని అక్క భుజం మీద అదిమి, ఆ గంధమంతా తన చేతికి రుద్దుకున్నాడు. పాము నోటికీ ఆమె భుజానికీ మధ్య చేతిని అడ్డంగా పెట్టాడు.

మరుక్షణం పాము పట్టింది!

పళ్ళు వరసలు వరసలుగా కండలో దిగాయి. మెలిక మీద మెలిక పడి ముంజెయ్యి గానుగలో పెట్టినట్టయింది. శరభసేనుడి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నోట్లోంచి కేక గొంతుదాకా వచ్చింది, దాన్ని మింగాడు. లాగకూడదు. కదలకూడదు. నోరు నిండిన పాము ఇంకెవరినీ కరవలేదు. గిన్నె మునిగేదాకా దాని నోట్లో తన చెయ్యి ఉంటే చాలు.

హేమవల్లి భుజం మీద వెచ్చగా ఏదో బొట్టు పడింది. ఆమె ఉలిక్కిపడింది.

"అక్కా, కదలకు" అన్నాడు శరభసేనుడు, పెదవులు కదలకుండా.

ఆ ఒక్క పిలుపుకు ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. తల మాత్రం తిప్పలేదు, వెన్ను మరింత నిటారుగా పెట్టి నిలబడింది.

రాగి గిన్నె నింపాదిగా నీళ్ళు తాగుతోంది. కంకాళభట్టుకు ముచ్చెమటలు పోశాయి. ఈపాటికి రాణి కెవ్వుమనాలి! అతడు దగ్గరికి వచ్చి తొంగి చూశాడు. గిన్నె మునిగేదాకా ముసుగు తాకితే తల పోతుందని తనే రాయించిన నిబంధన అడ్డొచ్చింది.

"నగారా! నగారా మోగించండి!" అని అరిచాడు, పామును బెదరగొడదామని.

నగారా మోగింది. పాము మరింత బిగించింది. శరభసేనుడి నుదుటినుంచి చెమట ధారలు కట్టింది.

"కాపరికి ఆ చెమటలేమిటి?" అన్నాడు ఒక పండితుడు.

"భక్తిస్వేదం. ధర్మప్రభువు సన్నిధిలో పుణ్యాత్ములకు పడుతుంది. మూడో వ్యాఖ్యానంలో ఉంది" అన్నాడు పక్కవాడు, జన్మలో ఎన్నడూ చెమట పట్టని మనిషి.

గిన్నె ఒక్కసారి ఒరిగి బుడుంగున మునిగింది. శంఖం ఊదారు. శరభసేనుడు ముసుగు చాటునే చేతిని వెనక్కి జరుపుకున్నాడు. భటుడు రాణి భుజం మీది ముసుగు అంచు మాత్రం పక్కకు జరిపి చూశాడు. గంధం చెదిరింది, నెత్తుటి బొట్టు ఉంది, చర్మం మీద పంటి గాటు మాత్రం లేదు.

"నిర్దోషి!" అన్నాడు ధర్మాధికారి. పద్ధతి ప్రకారం రాజముద్రిక తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. బయట జనం జయజయధ్వానాలు చేశారు.

"ఆగండి! ఆ నెత్తురు ఎక్కడిది?" అంటూ భట్టు ముసుగును ఒక్క గుంజు గుంజాడు.

సభ అంతా నోరు వెళ్ళబెట్టింది. కాపరి ముంజేతిని పట్టుకుని వేలాడుతోంది ధర్మప్రభువు. అతడి అంగీ చెయ్యి నెత్తుటిలో తడిసి ఉంది. వేళ్ళు నేరేడుపళ్ళ రంగుకు తిరిగాయి.

భట్టు మొహం వికసించింది. "చూశారా! ముసుగు కింద పడిన కాటు! కాటు పడ్డవాడే దోషి! రాజుగారిని చంపిన ద్రోహి వీడే! మహారాణీ, ముద్రిక మీ చేతిలో ఉంది. ఇప్పుడు శిక్ష చెప్పాల్సింది మీరే. చెప్పండి, మీ నోటితో చెప్పండి, వీణ్ణి మొసళ్ళకు వెయ్యమని!"

పండితులు తలలూపారు. శాసనం శాసనమే మరి. ఒక పాములవాడు రాజుగారి పాన్పు దాకా ఎలా వెళ్ళాడని, ఊళ్ళోకి వచ్చి పట్టుమని పక్షం కూడా కాని మనిషి ఎప్పుడో పోయిన రాజును ఎలా చంపాడని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

"శిక్ష సంగతి తరవాత. ముందు కాసిని చల్లటి నీళ్ళు తెప్పించండి" అన్నాడు శరభసేనుడు నీరసంగా.

తుంగి కుండతో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. భటుడొకడు సాయం చేద్దామని పాము తోక పట్టి గుంజబోయాడు. "తియ్యరా చెయ్యి! దాని పళ్ళు విరిగితే నీ పళ్ళు రాలగొడతా!" అంది. మూతి మీద నీళ్ళు సన్నగా పడ్డాయి. పాము నోరు తెరిచింది, మెలికలు వదిలింది, హడలిపోయి శరభసేనుడి భుజాలెక్కి జడల్లో తల దాచుకుంది. కాటు పడినంతసేపూ నోరెత్తని యువరాజు ఇప్పుడు, "అమ్మో! అమ్మా!" అని సభ దద్దరిల్లేలా అరిచాడు.

హేమవల్లి తమ్ముడి చేతిని చూసింది. ఆమె కళ్ళు నిప్పులయ్యాయి. తన చీరకొంగు చింపి ఆ చేతికి గట్టిగా కట్టి, సింహాసనం దగ్గరికి నడిచింది.

"ధర్మాధికారిగారూ! ధర్మప్రభువు ఎన్నడైనా పొరబడ్డాడా?"

"శివశివా! ఎన్నడూ లేదు దేవీ."

"కాటు పడ్డవాడు దోషి. మరి దోషి ఒక్కడేనని ఆయన చెప్పాడా? తోడుదొంగలు ఉండరా?"

"ఉండవచ్చు దేవీ..."

"అయితే రాజహంతలు ఇంకెందరున్నారో ఇప్పుడే తేలిపోవాలి. తలుపులు మూయండి! ఈ సభలో ప్రతి ఒక్కరి చేతి మీదా పాము తల ఆనించండి. న్యాయం తెలిసినవారు గనుక ముందు పండితులు రండి!"

చూడాలి ఆ సభ! ఒకాయనకు హఠాత్తుగా గ్రహణస్నానం గుర్తొచ్చింది, గ్రహణం లేకపోయినా. ఒకాయనకు కీళ్ళనొప్పి చెయ్యి చాపనివ్వడం లేదట. మూడో వ్యాఖ్యానం రాసిన మహానుభావుడు శాలువతో సహా ఆసనం కిందికి దూరాడు. ధర్మప్రభువు పొరబడడని అప్పుడే ఒట్టేసిన వ్యాఘ్రపాదశాస్త్రి ఆ ఎత్తాసనం దిగలేక, కాళ్ళు పైకి ముడుచుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎదుటివాడి భుజం మీద అయినంతకాలం అది ధర్మప్రభువు. తమ చేతి మీదికి వచ్చేసరికి పాము!

"వీళ్ళను వదిలెయ్యండి" అంది హేమవల్లి అసహ్యంగా. "భట్టుగారూ! నేరం మోపింది మీరు, గంధం పూసింది మీరు. మీరు రండి. చెయ్యి చాపండి."

శరభసేనుడు పామును ఆసరాగా పట్టుకుని భట్టు వైపు ఒక్కొక్క అడుగే వేశాడు. పాము జడల్లోంచి తల బయటపెట్టి ఆ వైపు నాలుక ఆడించింది. కంకాళభట్టు తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో గంధం ఇంకా తడిగానే ఉంది. అతడు చెయ్యిని గభాలున గడ్డం వెనక దాచేసుకున్నాడు.

"ధర్మప్రభువు తీర్పు మీద మీకు నమ్మకం లేదా, భట్టుగారూ?" అంది రాణి.

భట్టు చెయ్యి చాపలేదు. అది చూసి సభలో అందరికీ సంగతి అర్థమయింది. పండితులకు కూడా అర్థమయింది.

"పట్టుకోండి!" అంది రాణి.

భటులు కదిలేలోగా భట్టు మొలలోంచి గుప్పెడు నల్లటి పొడి తీసి దీపస్తంభం మీద విసిరాడు. భళ్ళున మంట లేచి, కారు మేఘంలాంటి పొగ సభను ముంచేసింది. దగ్గులు, తుమ్ములు, హాహాకారాలు! పొగలో తలుపులు బద్దలైన చప్పుడు. తేరుకుని చూసేసరికి కంకాళభట్టు పట్టపుగుర్రం ఎక్కి ఉత్తర ద్వారం వైపు దూసుకుపోతున్నాడు. అతుకు గడ్డం మాత్రం తలుపు గొళ్ళానికి వేలాడుతోంది.

శరభసేనుడు కిటికీలోంచి దూకాడు. కింద కట్టేసి ఉన్న దండనాయకుడి గుర్రం మీద పడి కళ్ళెం కుడిచేత్తో అందుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది అతడికి, పాము ఇంకా మెడలోనే ఉంది. ఇవ్వడానికి చుట్టుపక్కల మనిషి లేడు, దింపడానికి వ్యవధి లేదు. బెదిరిపోయిన పాము అతడి మెడను కావలించుకుని గజగజలాడుతోంది.

మేడ మీదికి హేమవల్లి పరుగెత్తుకొచ్చింది. ఇంతసేపూ నిండుసభలో బిగపట్టుకున్న పిలుపు నగరమంతా వినేలా బయటికొచ్చింది.

"తమ్ముడూ! శరభా! మీ బావగారిని ఎవరు చంపారో వాడి నోటితో చెప్పించాలి. ప్రాణాలతో తీసుకురా!"

"ఎవరినక్కా? భట్టునా, పామునా?"

"భట్టును, పామును, నిన్ను. ముగ్గురినీ!"

శరభసేనుడు పెద్దగా నవ్వి గుర్రాన్ని అదిలించాడు.